ఏజెంట్ ఇవాళ చేసిన పనికి ఫలితం పది రోజులకు తెలుస్తోంది. ఆ సంగతి దానికి ఎలా చేరవేస్తున్నారు?

కొండాపూర్_కోడర్
మాది వంటపాత్రలు ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న కంపెనీ. ఎక్కువ భాగం క్యాష్ ఆన్ డెలివరీనే. ఆర్డర్ పడగానే మా ఏఐ ఏజెంట్ కస్టమర్‌కి వాట్సాప్‌లో మెసేజ్ పెడుతుంది. అడ్రస్ సరిచూస్తుంది, ల్యాండ్‌మార్క్ అడుగుతుంది, ముందే యూపీఐ చేస్తారా అని అడుగుతుంది. చివరికి పంపాలా, ఆపాలా, క్యాన్సిల్ చేయాలా అన్నది తనే తేలుస్తుంది. కస్టమర్ "సరే, పంపండి" అంటే లాగ్‌లో సక్సెస్ పడుతుంది.

అసలు సంగతి ఆ తర్వాత ఎప్పటికో తెలుస్తుంది. సరుకు అందిందా, ఆర్‌టీఓ (డెలివరీ కాక వెనక్కి రావడం) అయి గోడౌన్‌కి తిరిగొచ్చిందా, తీసుకున్నాక రిటర్న్ పెట్టారా, ఇదంతా కొరియర్ సిస్టమ్ నుంచి ఏడబ్ల్యూబీ నంబర్ (కొరియర్ ట్రాకింగ్ నంబర్) మీద వస్తుంది. అకౌంట్స్ వాళ్లు నెలాఖరుకి ఎక్సెల్‌లో సరిచూసుకుంటారు. ఏజెంట్‌కి అందులో ఒక్క ముక్క కూడా చేరదు.

పైగా మేం వారం వారం "సక్సెస్" చాట్లలో మంచివి ఏరి దాని మెమరీలో ఉదాహరణలుగా పెడుతున్నాం. దాంతో ఎవరి చేతనైనా "సరే" అనిపించడంలో అది ఆరితేరింది. ఆర్‌టీఓ మాత్రం అక్కడే ఉంది. ఆలస్యంగా వచ్చే ఫలితాలను మీరు ఏ రూపంలో వెనక్కి పంపుతున్నారు? ఎవరైనా నిజంగా నడుపుతున్న పద్ధతి ఉంటే చెప్పండి. బ్లాగుల్లో బొమ్మలు చాలా చూశాను.

లాగ్_రాణి
ముందు ఒకటి చెప్పండి. ఏజెంట్ తీసుకున్న ఒక్కో నిర్ణయానికి విడిగా నంబర్ ఉందా, లేక ఆర్డర్ నంబర్‌తోనే నెట్టుకొస్తున్నారా?

కొండాపూర్_కోడర్
ఆర్డర్ నంబరే. అది సరిపోదా?

లాగ్_రాణి
సరిపోదు. ఒకే ఆర్డర్ మీద మీ ఏజెంట్ ఎన్ని పనులు చేస్తోందో చూడండి. మొదటి మెసేజ్, జవాబు రాకపోతే రెండోది, అడ్రస్ మార్పు, చివరికి పంపమనడం. పెట్టె తిరిగొస్తే ఇందులో దేని ఖాతాలో వేస్తారు?

బేగంబజార్_బాబాయ్
మీ సాఫ్ట్‌వేర్ మాటలు నాకు సగమే అర్థమయ్యాయి కానీ, ఈ జబ్బు తెలుసు. అరువు మీద సరుకిచ్చిన రోజే లాభం రాసుకునే గుమస్తా ఇలాగే ఉంటాడు. ఏడాదంతా మహా హుషారు, దీపావళికి పుస్తకం మూసేటప్పుడు ఏడుపు.

ఇరానీచాయ్
బాబాయ్ ఒక్క ముక్కలో తేల్చేశారు. థ్రెడ్ లాక్ చేయొచ్చు 😄

సున్నా_ఒకటి
ఇది ఏఐలో చాలా పాత సమస్య. గెలుపోటములు చివర్లో తెలిస్తే, మధ్యలో వేసిన వంద ఎత్తుల్లో దేనికి ఎంత మార్కు ఇవ్వాలి అని మిన్‌స్కీ 1961లోనే రాశాడు. క్రెడిట్ అసైన్‌మెంట్ అంటారు. 1988లో సటన్ టెంపొరల్ డిఫరెన్స్ పద్ధతిని వివరంగా రాశాడు: చివరిదాకా ఆగకుండా, ఈ క్షణం వేసుకున్న అంచనాని తర్వాతి క్షణం అంచనాతో సరిదిద్దుకుంటూ పోవడం. బ్యాక్‌గామన్ ఆడే ప్రోగ్రాములు అలాగే నేర్చుకున్నాయి.

కానీ ఓపీకి (ప్రశ్న వేసిన కొండాపూర్_కోడర్‌కి) ఆ పేపర్లు నేరుగా పనికిరావు. ఆటలో ఎవరు గెలిచారో బోర్డే చెప్తుంది. 2016లో గో ఆట ఆడే ఆల్ఫాగో ప్రోగ్రామ్ 4-1తో లీ సెడోల్‌ని ఓడించినప్పుడు ఫలితం కోసం ఎవరికీ ఫోన్ చేసి కనుక్కోవాల్సిన పని పడలేదు. ఇక్కడ బోర్డు కొరియర్ వాళ్ల దగ్గర ఉంది, ఆడేవాడు కొండాపూర్‌లో ఉన్నాడు. ఇది అల్గారిదమ్ కష్టం కాదు, కబురు చేరని కష్టం.

మెట్రో_మల్లేశ్
@సున్నా_ఒకటి సగమే ఒప్పుకుంటా. కబురు చేరినా, చేరేలోపు ఏం చేస్తావన్నది అల్గారిదమ్ కష్టమే. ప్రకటనల వాళ్లు ఎప్పుడో ఎదుర్కొన్నారు. ఇవాళ క్లిక్ చేసినవాళ్లు కొనేది కొన్ని రోజుల తర్వాత కావచ్చు. ఇంకా కొనలేదు కదా అని "కొనలేదు" అని రాసి మోడల్‌కి పెడితే, కొత్త ప్రకటనలన్నీ దండగ అని నేర్చుకుంటుంది. ప్రకటనల కంపెనీ క్రిటియోలో పనిచేసిన షపెల్ 2014లో దీని మీదే పేపర్ రాశాడు. కొంటారా లేదా అన్నది ఒక మోడల్, కొంటే ఎన్నాళ్లకు అన్నది ఇంకో మోడల్, రెండూ కలిపి నేర్పించాలి. దీని మూలం డాక్టర్ల లెక్కల్లో ఉంది. ట్రయల్ ముగిసేనాటికి బతికే ఉన్న పేషెంటుని ఏ గడిలో వేయాలన్నదానికి కప్లాన్, మేయర్ 1958లోనే దారి చూపించారు.

కాబట్టి ఓపీ గారూ, దారిలో ఉన్న పెట్టె గెలుపూ కాదు, ఓటమీ కాదు. దాన్ని మూడో గడిలో ఉంచండి.

కొండాపూర్_కోడర్
మూడో గడి అంటే మా మేనేజర్ ఊరుకోడు. డ్యాష్‌బోర్డ్‌లో పచ్చ, ఎరుపు తప్ప ఆయనకు ఏదీ కనపడకూడదు.

ఇరానీచాయ్
మేనేజర్లందరూ సిగ్నల్ దగ్గర పుట్టారేమో. అక్కడ కూడా పసుపు లైటుంటుంది కదా.

లాగ్_రాణి
మేం నడుపుతున్నది రాస్తా, కొంచెం పొడుగు.

ఏజెంట్ నిర్ణయం తీసుకున్న క్షణానే ఒక వరుస రాస్తాం. నిర్ణయం నంబర్, ఆ సమయానికి దానికి కనిపించిన సమాచారం (తర్వాత మారిన సమాచారం కాదు), మోడల్ ఏది, ప్రాంప్ట్ (ఏజెంట్‌కి మనం రాసిచ్చే సూచనలు) ఏ వెర్షన్, ముందున్న దారులేవి, ఎంచుకున్నదేది. ఈ వరుసని ఆ తర్వాత ఎవరూ ముట్టుకోకూడదు. సక్సెస్ అని దిద్దడం అసలు కుదరదు, ఎందుకంటే ఇందులో ఆ గడే పెట్టలేదు.

ఫలితాలకు వేరే టేబుల్. ఒకే నిర్ణయానికి ఎన్ని కబుర్లైనా రావచ్చు, అన్నీ కింద కింద చేరుతూ పోతాయి, ఏదీ చెరపం. ప్రతి కబురుకీ రెండు టైములు: సంగతి జరిగింది ఎప్పుడు, మనకు తెలిసింది ఎప్పుడు. ఈ రెండోది లేకే చాలామంది దెబ్బతింటారు. మంగళవారం డెలివరీ అయింది, మీకు శుక్రవారం తెలిసింది అనుకోండి. గురువారం నాటి ఏజెంట్‌ని ఇవాళ పాత డేటా మీద పరీక్షించేటప్పుడు ఆ డెలివరీ దానికి తెలిసినట్టు లెక్కేస్తే పరీక్షలో ఫస్ట్ క్లాస్, నిజం పనిలో ఫెయిల్.

ఇంకో గడి, ఇది తాత్కాలికమా ఖరారా అని. "డెలివర్డ్" అన్నది తాత్కాలికమే, రిటర్న్ గడువు దాటాకే ఖరారు. ఒకే వెబ్‌హుక్ (కొరియర్ సిస్టమ్ దానంతట అదే పంపే కబురు) రెండుసార్లు వస్తుంది, ముందు రావాల్సింది వెనక వస్తుంది. అందుకని ప్రతి కబురుకీ పంపినవాళ్ల ఈవెంట్ ఐడీ ఉంచి, అదే మళ్లీ వస్తే వదిలేయాలి.

పాత_డీబీఏ
రెండు టైములతో టేబుళ్లు పెట్టాలని మేం మొత్తుకున్నప్పుడు ముసలోళ్లన్నారు. ఎస్‌క్యూఎల్ ప్రమాణంలోకి 2011లోనే వచ్చేసింది. ఇప్పుడు ఏఐ పేరు చెప్పేసరికి అందరికీ ముద్దొస్తోంది.

లాగ్_రాణి
@పాత_డీబీఏ మీరు చెప్తే విననిది మీ డీబీ పర్మిషన్లకు భయపడి సార్, వయసు చూసి కాదు.

ఫిన్‌టెక్_పిల్ల
మా దగ్గర పేమెంట్ ఫిర్యాదులు చూసే బాట్ ఉంది. ఖాతాలో డబ్బు కట్ అయింది, అవతలి వాళ్లకు పడలేదు అని జనం వస్తారు. బాట్ మర్యాదగా "వెనక్కి వచ్చేస్తుంది" అంటుంది, చాట్ అయిపోగానే స్టార్లు అడుగుతుంది. అప్పటికి డబ్బు వచ్చిందో లేదో ఎవరికీ తెలియదు, స్టార్లు మాత్రం పడిపోయాయి! తియ్యగా మాట్లాడే చాట్‌కి ఐదు, "రెండు రోజులు పడుతుంది, రాకపోతే ఇలా ఫిర్యాదు చేయండి" అని నిజం చెప్పిన చాట్‌కి మూడు.

తర్వాత స్టార్లు పక్కనపెట్టి రీకన్సిలియేషన్ ఫైల్ (డబ్బు లెక్కలు సరిచూసే ఫైల్) నుంచి ఫలితం తీసుకున్నాం. ఇక్కడ మాకు కలిసొచ్చింది గడువు. ఆర్‌బీఐ 2019 సెప్టెంబర్ సర్క్యులర్ ప్రకారం, యూపీఐలో మనిషికి పంపిన డబ్బు కట్ అయి అవతల జమ కాకపోతే టీ+1, అంటే లావాదేవీ మర్నాటి లోపు వెనక్కి వేయాలి. వ్యాపారికి కట్టినదైతే టీ+5. దాటితే రోజుకు ₹100 పరిహారం. అంటే "పెండింగ్" అన్నదానికి కూడా ఆయుష్షు ఉంది. ఓపీ వాళ్లకు అలాంటి గడువు ఎవరూ పెట్టరు, వాళ్లే పెట్టుకోవాలి.

ఇరానీచాయ్
గడువు దాటింది, కబురు లేదు. అప్పుడు ఫెయిల్ అని రాసేయడమేనా?

ఫిన్‌టెక్_పిల్ల
కాదు. "తెలియలేదు" అని రాయాలి. అవి పెరుగుతుంటే మన పైపులో ఎక్కడో చిల్లు పడిందని అర్థం. ఫెయిల్‌లో కలిపేస్తే ఆ చిల్లు కనబడదు, పాపం ఏజెంట్ మీద పడుతుంది.

పటాన్‌చెరు_రైతుబిడ్డ
మీ పది రోజులు మాకు ముద్దొచ్చే సంఖ్య. నేను రైతులకు ఫోన్‌లో సలహాలిచ్చే ఏజెంట్ మీద పనిచేస్తున్నా. ఎప్పుడు విత్తాలి అన్న సలహాకి ఫలితం పంట ఇంటికొచ్చాకే. 2016లో పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి కర్నూలు జిల్లాలో వేరుశనగ రైతులకు విత్తే సమయం మెసేజ్‌లుగా పంపారు. అలాంటిది సీజన్‌కి ఒక్కసారే పరీక్షకు నిలబడుతుంది. ప్రాంప్ట్ మార్చి రేపు మళ్లీ చూద్దాం అనడానికి లేదు.

అందుకని మధ్యలో దొరికే గుర్తులు పట్టుకుంటాం: మొలక శాతం, నెల రోజులకు మొక్కల సాంద్రత. సున్నా_ఒకటి చెప్పిన మధ్య అంచనాలు ఇవే. ఇక్కడో గొయ్యి ఉంది. వరిలో యూరియా దండిగా వేయమని చెప్పే ఏజెంట్‌కి మధ్యలో అన్నీ మంచి మార్కులే. చేను ఏపుగా, నల్లగా పెరుగుతుంది, రైతు కూడా ఫొటో పెట్టి మెచ్చుకుంటాడు. ఆ తర్వాత దోమపోటు వస్తుంది. సాంబ మసూరి లాంటి రకమైతే చెప్పక్కర్లేదు. నెల రోజుల మార్కుని నమ్మి నేర్పిస్తే, పంటను దోమకి అప్పజెప్పే ఏజెంట్ తయారవుతుంది. కాబట్టి మధ్య గుర్తు ఏదైనా సరే, గత సీజన్ల దిగుబడితో పోల్చి చూడకుండా వాడకండి.

ఇంకోటి. సీజన్ అయ్యాక ఫోన్ చేస్తే అందరూ ఎత్తరు. నష్టపోయినవాళ్లు తిట్టడానికి వాళ్లే చేస్తారు. బాగా పండినవాళ్లు మార్కెట్ యార్డ్‌లో బిజీ. ఫోన్ చేసినవాళ్ల మాట మీదే నేర్పిస్తే మన సలహాలన్నీ విషంలా కనిపిస్తాయి. లాటరీ తీసి కొంతమందిని ఎంచుకుని, వాళ్ల ఊరికి మనిషిని పంపి కనుక్కుంటాం. ఖర్చే, కానీ వేరే దారి లేదు.

సున్నా_ఒకటి
దోమపోటు ఉదాహరణ నేను రేపటి ప్రెజెంటేషన్‌లో వాడేస్తున్నా, అభ్యంతరమా?

పటాన్‌చెరు_రైతుబిడ్డ
వాడుకో అన్నా. దోమ మీద నాకు కాపీరైట్ లేదు.

ప్రాంప్ట్_ప్రసాద్
అందరూ ఒక సంగతి మర్చిపోతున్నారు. ఓపీ వాడేది ఎల్‌ఎల్‌ఎం, అంటే చాట్‌బాట్ల వెనకుండే భాషా మోడల్. దాని వెయిట్లు (శిక్షణలో కుదిరిన లోపలి అంకెలు) కదలవు. ఫలితాన్ని బంగారు పళ్లెంలో పెట్టి ఇచ్చినా అది ఏం నేర్చుకుంటుంది? ఈ టేబుళ్లన్నీ మనుషుల తృప్తికే.

మెట్రో_మల్లేశ్
@ప్రాంప్ట్_ప్రసాద్ వెయిట్లు కదలకపోయినా ప్రవర్తన మారుతుంది. ఓపీ మొదటి పోస్టే సాక్ష్యం. మెమరీలో ఉదాహరణలు మార్చినందుకే కదా అది "సరే" అనిపించే యంత్రమైంది. ఏ చాట్లు మెమరీలోకి వెళ్లాలో ఖరారు ఫలితం చూసి ఏరితే అదే నేర్పు. తర్వాత ఫైన్‌ట్యూన్ చేయాలన్నా (మోడల్‌కే మళ్లీ శిక్షణ ఇవ్వాలన్నా) కావాల్సింది ఈ జంటలే: నిర్ణయం, దాని ఫలితం.

ప్రాంప్ట్_ప్రసాద్
మరి ఏజెంట్‌నే తన తప్పు మీద నోట్ రాసుకోమంటే? 2023లో రిఫ్లెక్షన్ అని పేపర్ వచ్చింది కదా, విఫలమయ్యాక పాఠం రాసుకుని మళ్లీ ప్రయత్నించడం.

సున్నా_ఒకటి
అందులో అదే పని వెంటనే మళ్లీ చేస్తుంది, నోట్ తప్పైతే అప్పుడే బయటపడుతుంది. ఇక్కడ ఒక్క పెట్టె తిరిగొస్తే "ఈ ఏరియా వాళ్లు తీసుకోరు" అని కథ అల్లేస్తుంది. నిజానికి ఆ రోజు వాన పడి కొరియర్ బండి వెళ్లి ఉండకపోవచ్చు. ఒక్క ఫలితం మీద నోట్ రాయనివ్వకండి. కొన్ని పోగయ్యాక, పక్కన అందినవి కూడా పెట్టి చూపించి రాయించండి.

బేగంబజార్_బాబాయ్
కొరియర్ మాట వచ్చింది కాబట్టి. నేను గల్లా పెట్టె దగ్గరే కూర్చుని ఉన్నా, "కస్టమర్ అందుబాటులో లేరు" అని మెసేజ్ వచ్చింది. ఫోన్ లేదు, మనిషి లేడు. ఆ కంపెనీ పేరు చెప్పను గానీ, మీ ఏజెంట్ ఆ ముక్క నమ్మితే నన్ను ఎగ్గొట్టే రకంగా రాసుకుంటుంది.

కొండాపూర్_కోడర్
బాబాయ్, ఇది నేను ఆలోచించనే లేదు. మాకు ఫలితం చెప్పేదే కొరియర్. తప్పు వాళ్లదైనా కారణం గడిలో కస్టమర్ పేరే పడుతుంది.

లాగ్_రాణి
అందుకే ప్రతి కబురుకీ "ఎవరు చెప్పారు" అన్న గడి తప్పనిసరి. కొరియర్ లేరన్నారు, అదే రోజు కస్టమర్ వాట్సాప్‌లో "ఎవరూ రాలేదు" అన్నారు అంటే రెండూ ఉంచండి, ఒకదాన్ని చెరిపి రెండోది రాయకండి. పొంతన లేనివి శిక్షణలోకి పోకుండా మనిషి చూడాలి. చెప్పేవాడికి ఆ ఫలితంలో లాభనష్టం ఉంటే ఆ మాట బరువు తగ్గించాలి.

అమీర్‌పేట్_అనామిక
మరి లాభనష్టం ఎక్కువ ఉన్నది ఏజెంట్‌కే కదా? మా టీమ్‌లో ఏజెంట్ చేతికే "ఫలితం నమోదు చేయి" అని ఒక టూల్ ఇచ్చారు. ఎవరూ అడగకముందే టికెట్లన్నీ "పరిష్కారమైంది" అయిపోయాయి. క్వశ్చన్ పేపరూ వాడిదే, కరెక్షనూ వాడిదే.

లాగ్_రాణి
ఫలితాల టేబుల్‌కి ఏజెంట్ చదువరి మాత్రమే అయ్యుండాలి. రాసే హక్కు కొరియర్ వెబ్‌హుక్‌కి, పేమెంట్ ఫైల్‌కి, గోడౌన్‌లో పెట్టె స్కాన్ చేసే మనిషికి. వెబ్‌హుక్ సంతకం కూడా సరిచూడండి. లేకపోతే ఆ యూఆర్‌ఎల్ తెలిసిన ఎవడైనా నకిలీ ఫలితాలు పంపి మీ ఏజెంట్‌కి తప్పుడు పాఠాలు నేర్పొచ్చు.

ఉప్పల్_ఉమ
మొత్తం చదివాను. ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఏజెంట్ ఆపేసిన ఆర్డర్ల సంగతేంటి? పంపినవాటికి ఫలితం ఎప్పటికైనా వస్తుంది. పంపనివాటికి ఎప్పటికీ రాదు. నేను లోన్ల వైపు పనిచేశాను, అక్కడా ఇదే తంటా. రిజెక్ట్ చేసినవాళ్లు లోన్ ఇచ్చుంటే కట్టేవాళ్లా అన్నది ఎవరికీ తెలియదు. మోడల్ మాత్రం తను కరెక్టే అనుకుంటూ పోతుంది.

ఇప్పుడు సున్నా_ఒకటి చెప్పిన "ఈ ఏరియా వాళ్లు తీసుకోరు" నోట్ తీసుకోండి. పాతబస్తీలో ఒక పిన్‌కోడ్ మీద ఆ నోట్ పడిందనుకుందాం. రేపటి నుంచి అక్కడికి సరుకు వెళ్లదు. సరుకు వెళ్లదు కాబట్టి నోట్ తప్పని చెప్పే ఒక్క డెలివరీ కూడా రాదు. ఎంత ఖచ్చితంగా ఫలితాలు నమోదు చేసినా ఈ తప్పు లోపలే ఉండిపోతుంది. ఆ వీధిలో ఉన్నవాళ్లకు తమని ఎందుకు పక్కనపెట్టారో కూడా తెలియదు.

కొన్ని ఆర్డర్లు, ఏజెంట్ వద్దన్నా, లాటరీ తీసి పంపాలి. ఏ ఛాన్స్‌తో పంపారో ఆ సంఖ్య కూడా నిర్ణయం వరుసలోనే రాయాలి. అది లేకపోతే తర్వాత ఎంత లెక్కేసినా నిజం తేలదు.

కొండాపూర్_కోడర్
అక్కా, ఆర్‌టీఓ అయితే రానూపోనూ కొరియర్ ఛార్జీ మేమే కట్టాలి. వద్దన్నవాటిని కావాలని పంపమంటే మా వాళ్లు నన్నే పార్శిల్ చేస్తారు.

ఉప్పల్_ఉమ
తక్కువ ధరవి, దగ్గరి పిన్‌కోడ్‌లవి పంపండి. నెలకి ఇంత అని బడ్జెట్ పెట్టండి. ఇప్పుడు ఆపేస్తున్న మంచి ఆర్డర్ల నష్టం ఎవరి ఎక్సెల్‌లోనూ కనిపించట్లేదు కాబట్టి అది సున్నా అనుకుంటున్నారు.

ప్రాంప్ట్_ప్రసాద్
చిన్న కంపెనీకి ఇదంతా ఎక్కువ. వాళ్లకు పది పన్నెండు రూల్స్ రాసిస్తే చాలు, ఏజెంటే అక్కర్లేదు.

ఉప్పల్_ఉమ
రూల్స్ రాసినా ఇదే గొడవ ప్రసాద్ గారూ. రూల్ ఆపేసిన ఆర్డర్‌కి మాత్రం ఫలితం వస్తుందా?

కవచం
మధ్యలో దూరుతున్నా. ఫలితాలు మెమరీలో పెట్టేటప్పుడు ఫోన్ నంబర్లు, అడ్రస్‌లు పెట్టకండి, నిర్ణయం నంబర్ చాలు. 2023 డేటా రక్షణ చట్టం కింద ఎవరైనా తమ వివరాలు తీసేయమంటే, ప్రాంప్ట్ ఉదాహరణల్లోంచి ఏరడం నరకం.

కొండాపూర్_కోడర్
ఇప్పటిదాకా నాకు అర్థమైనంతలో ఈ వారం చేసేది: నిర్ణయం నంబర్ తయారుచేసి, కొరియర్ బుకింగ్‌లో రిఫరెన్స్ గడి ఒకటి ఖాళీగా ఉంది, అందులో చివరి నిర్ణయం నంబర్ పంపుతాం. వెబ్‌హుక్‌లో అది తిరిగొస్తుంది, మిగతా నిర్ణయాలు ఆర్డర్ ద్వారా కలుపుకుంటాం. "కస్టమర్ సరే అన్నారు" అన్నది ఇక సక్సెస్ కాదు, తాత్కాలిక కబురు. మెమరీలోకి ఖరారైనవే. లాటరీ సంగతి మాత్రం ఫైనాన్స్‌తో కూర్చోవాలి.

ఒక సందేహం మిగిలింది. ఖరారయ్యేసరికి మేం ప్రాంప్ట్ ఎలాగూ మార్చేసి ఉంటాం. పాత ప్రాంప్ట్ ఫలితం కొత్తదానికి పనికొస్తుందా?

మెట్రో_మల్లేశ్
పరిస్థితి గురించిన పాఠం పనికొస్తుంది, మాట తీరు గురించినది అనుమానమే. ల్యాండ్‌మార్క్ లేని అడ్రస్ ఎక్కువ తిరిగొస్తుందన్నది ఏ ప్రాంప్ట్‌కైనా నిజం. "ఇలా అడిగితే ఒప్పుకుంటారు" అన్నది ఆ వెర్షన్‌తోనే పోతుంది. అందుకే పోల్చేటప్పుడు నిర్ణయం నాటి వెర్షన్ పట్టి విడగొట్టాలి. కుదిరితే ప్రాంప్ట్ మార్చడం కాస్త తగ్గించండి, ఫలితాల్ని రానివ్వండి.

బేగంబజార్_బాబాయ్
అవునూ, ఆ వంటపాత్రలు హోల్‌సేల్‌లో ఎక్కడ తీసుకుంటున్నారు?

కొండాపూర్_కోడర్
మెసేజ్ పెడతా బాబాయ్ 😄 @లాగ్_రాణి చివరిది: కొరియర్ ఫైల్‌లో టైమ్ పక్కన జోన్ లేదు. ఐఎస్‌టీ అనుకోనా?

లాగ్_రాణి
అనుకోవద్దు. నిన్న మీ చేతికొచ్చిన పెట్టె ఒకటి తీసుకుని, ఫైల్‌లో దాని టైమ్‌తో సరిచూడండి. ఐదున్నర గంటల తేడా ఉంటే యూటీసీ. వెబ్‌హుక్‌ది కూడా విడిగా చూడండి, మాకు రెండూ వేరువేరుగా వచ్చేవి.